పొట్లం కాగితాల్లో పోయిన రంగం

గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసేను. నా చేతి మీదుగా ఒక్క పుస్తకం పోలేదు, దేవుడి దయ. కాని ఒక ఊళ్ళో నాలుగో వంతు పోగొట్టేను. కొత్తగా ఈ కొలువులోకి వచ్చిన పిల్లలు మా అనుభవాలు రాయమని అడిగితే, నాలుగు మంచి పనులు గుర్తుచేసుకుని రాద్దామనే కూర్చున్నాను. పెన్ను పట్టుకుంటే ఇదొక్కటే వచ్చింది.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. చిన్నప్పుడు కాలు బాగోక ఇంట్లోనే ఉండిపోతే మా అమ్మ బైబిలు ముందు పెట్టి అక్షరాలు కూడబలుక్కోవడం నేర్పింది. పదో తరగతి ప్రైవేటుగా కట్టేను. అలాంటి దానికి చోడవరం శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం రావడమంటే, ఏ దేవుడికి రుణపడ్డానో నాకు తెలుసు. ఉన్నది ఇద్దరమే. పుస్తకాల పని లైబ్రేరియన్ గారిది, పేపర్ల పని నాది. పొద్దున్నే తలుపు తీసి బల్ల తుడిచి పేపర్లు పరచడం, సాయంత్రం మడిచి నెలవారీగా కట్టలు కట్టి వెనకగదిలో పేర్చడం. ఏడాదికోసారి మార్చిలో ఆ పాత కట్టలు పేపర్ల కొట్టువాడికి అమ్మేసి గది ఖాళీ చేసేవారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను మర్చిపోయింది దీన్నే.

మా దగ్గరికి రోజూ వచ్చేవాళ్ళలో ఒక తాత ఉండేవాడు. రావికమతం వైపు పల్లె. అరవై దాటేయి. ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని వచ్చి, చొక్కా సర్దుకుని, పేపర్లో విదేశాల వార్తలున్న పేజీ ఒక్కటే చదివేవాడు. రంగూన్ పేరు కనిపిస్తుందేమోనని. రంగూన్‌ని మా వైపు రంగం అంటారు. అందుకని ఆయన్ని అందరూ రంగం తాత అనేవారు.

లైబ్రేరియన్ గారు ఊరుకునేవారు కాదు. "ఏటి తాతా, రంగం నుంచి నీకు ఉత్తరం వస్తే పేపర్లో వేస్తారనా?"

"ఏస్తే ముందు తమరే సదివేస్తారు కద బాబూ. నాదాకా ఎక్కడ రానిస్తారు" అనేవాడు తాత, పేజీలోంచి తల ఎత్తకుండానే.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఎవరూ రాలేదు. తాత ఒక్కడే చూరు కింద వాన తగ్గడానికి చూస్తున్నాడు. అసలు రంగంలో మీకేం పని అని అడిగేను. అడిగినవాళ్ళు లేక ఆగి ఉన్నాడేమో, వాన తగ్గేక కూడా చెప్తూనే ఉన్నాడు.

ఆయన అక్కడే పుట్టేడు. ఆ రోజుల్లో మా వైపు వాళ్ళు రంగం వెళ్ళడం ఇప్పుడు హైదరాబాద్ వెళ్ళినట్టే. ఇక్కడా తెల్లదొరలే, అక్కడా వాళ్ళే. ఓడ ఎక్కడం, దిగడం, రేవులో బస్తా భుజానికెత్తుకోవడం.

"సముద్రం ఎక్కడో దూరమమ్మా. ఓడలు నదిలోకే వచ్చెస్తాయి. ఒడ్డు పొడుగునా జెట్టీలు. మా అయ్య బియ్యం బస్తా ఎత్తేడంటే ఓడలో దించేదాకా ఊపిరి తీసేవోడు కాదు. బస్తాలు మోసేది తెలుగోళ్ళు. ఏ జెట్టీ కాడ నిలబడినా తెలుగే ఇనబడేది."

"మరి బర్మావాళ్ళు ఊరుకునేవారా?"

"ఎందుకూరుకుంటారు? నేను పుట్టిన ఏడు కొట్లాటలయ్యేయంట. మనోళ్ళు కూలి పెంచమని పని మానేస్తే దొరలు బర్మావోళ్ళని దింపేరంట. మనోళ్ళతో రాజీ అవగానే ఆళ్ళని పొమ్మన్నారంట. ఇంకేటుంది, ఒకళ్ళనొకళ్ళు నరుక్కున్నారు. ఓడ దొరదే, బియ్యం దొరదే. తలకాయలు మాత్రం మనవీ ఆళ్ళవీ."

తర్వాత యుద్ధం వచ్చింది. తాతకి అప్పుడు పన్నెండో ఏడు. క్రిస్మస్ రెండు రోజులుందనగా జపాను విమానాలు వచ్చేయట. జనం దాక్కోలేదు. మెరుస్తూ బాగున్నాయని వీధుల్లోకి వచ్చి తలెత్తి చూసేరట. ఆ పొద్దున్న జెట్టీకి వెళ్ళిన తండ్రి మళ్ళీ ఇంటికి రాలేదు.

"దొరలకి ఓడలు దొరికేయి. మాకు కాళ్ళే. అడవులు, కొండలు దాటి నడిసి రావాలి. అమ్మకి సంకలో చంటిపిల్ల. కొండలెక్కలేనురా అంది. 'మీ మావయ్యతో నువ్వెళ్ళు. ఊరు సేరేక కబురెట్టు. నువ్వు సేరేవని తెలిస్తే అప్పుడు నేను బయల్దేరతాను' అంది."

మేనమామ దారిలో జ్వరమొచ్చి పోయేడు. ఎవరెవరి వెనకాలో నడిచి, కలకత్తాలో రైలెక్కి, అనకాపల్లిలో దిగి, పిల్లాడు తండ్రి ఊరు చేరేడు. చేరేసరికి రంగం జపాను వాళ్ళ చేతిలో ఉంది. ఇక్కణ్ణించి అక్కడికి ఉత్తరం లేదు, మనిషి లేడు. యుద్ధం అయిపోయేక రాయించిన ఉత్తరాలు తిరిగొచ్చేయి.

"అమ్మ బతికుంటదని కాదమ్మా నా ఆశ" అన్నాడు తాత. "కబురెట్టమంది. ఎట్టలేదు. అదే."

నా తమ్ముడు సరుకుల ఓడలో ఇంజన్ రూములో పనిచేసేవాడు. ఇంట్లో అందరికంటే అల్లరివాడు, చర్చికి రమ్మంటే తలనొప్పి వచ్చేది వాడికి. ఆ వానాకాలం తర్వాత ఫిబ్రవరిలో ఉత్తరం రాసేడు. ఈస్టర్‌కి ఇంటికొస్తున్నాననీ, పండగ మర్నాడు సోమవారమే విశాఖ రేవులో ఓడెక్కాలనీ, ఈసారి ఓడ రంగూన్ తాకుతుందనీ. ఆ సంగతి తాతకి చెప్పేను. ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేడు.

"కాగితం ఉందామ్మా, పెద్దది?" అన్నాడు.

గోడ కేలండరు పాతది ఉంది. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు కాగితాలు చింపి ఇచ్చేను. వాటి వెనక తాత రంగం పటం గీయడం మొదలెట్టేడు. సెప్టెంబరు వెనక నది, జెట్టీలు. అక్టోబరు వెనక దొరల పెద్ద వీధులు, బంగారు గోపురం ఉన్న బౌద్ధుల గుడి. నవంబరు వెనక రైలు స్టేషను, బియ్యం మిల్లులు, ఏనుగులు దుంగలు లాగే కర్రల అడితి. పెన్సిలుతో గీసేవాడు, రబ్బరుతో చెరిపేవాడు, కళ్ళు మూసుకుని వేళ్ళతో గాల్లో సందులు తిరిగేవాడు. చదువుకోడానికి వచ్చినవాళ్ళు చుట్టూ మూగేవారు. పంచదార ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన రోజూ వచ్చి "తాతా, ఇవాళ ఏ వీధి దాకా వచ్చేవు?" అని అడిగి మరీ డ్యూటీకి వెళ్ళేవాడు.

"ఇంత బాగా దేనికి తాతా? వాడు అడుగుతూ వెళ్తాడు కదా" అన్నాను ఒకసారి.

"తప్పు సోట నిలబడకూడదమ్మా. మా ఇంటి ముందు నిలబడి మీ తమ్ముడు ఒక్క మాట సెప్పాల. 'అమ్మా, నీ గుంటడు సేరేడు. ఇంక నువ్వు బయల్దేరొచ్చు' అని. ఇంకో వీధిలో సెప్తే అమ్మకెలా ఇనపడద్ది?"

గుంటడంటే మా వైపు పిల్లాడు. ప్రార్థన ఎలా చేయాలో నాకు మా అమ్మ నేర్పింది. ఇది కూడా అలాంటిదేననుకున్నాను.

నాలుగోది, డిసెంబరు కాగితం, వాళ్ళ ఇల్లున్న కూలీల పేటది. అది ఈస్టర్ ముందు బుధవారం సాయంత్రం పూర్తయింది. మర్నాటి నుంచి చర్చి పనులకి నేను సెలవు. తొందరలో ఉన్నాను.

"ఒకసారి సూడమ్మా. ఇదిగో, ఈ సందులో ఇదే మా ఇల్లు."

"శనివారం వస్తాను కదా తాతా, తీరిగ్గా చూస్తాను" అన్నాను.

చుట్టి చుట్టి కాగితాలు నాలుగూ సుళ్ళు తిరిగిపోయేయి. తమ్ముడికి ఇచ్చేలోగా సాపవుతాయని వెనకగదిలో పేపర్ల కట్టల మధ్య పెట్టి, పైన ఇంకో రెండు కట్టలు బరువుకి పెట్టేను. చదువరుల సొంత వస్తువులు గ్రంథాలయంలో ఉంచకూడదని రూలు. అందుకని లైబ్రేరియన్ గారికి చెప్పలేదు. చిన్న దాపరికం. పాపమని కూడా అనుకోలేదు.

శనివారం పొద్దున్న తాళం తీసి వెనకగదిలోకి వెళ్తే నేల కనిపించింది. తుడిచి, నీళ్ళతో కడిగి కూడా ఉంది.

లైబ్రేరియన్ గారు సంతోషంగా వచ్చేరు. "ఎలా ఉందమ్మా గది? గురువారం నేనే దగ్గరుండి మొత్తం తీయించేసేను. మీకు బరువులెత్తే పని తప్పింది." నా మొహం చూసి ఆగిపోయేరు. "ఏటమ్మా, ఏటయింది?"

చెప్పేను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. కుర్చీలో కూలబడి, "ఒక్క మాట చెప్పి ఉంటే నా సొంత బీరువాలో పెట్టేవాడిని కదమ్మా. నేనూ రోజూ చూసేవాణ్ణే కదా ఆ పటాన్ని" అన్నారు.

ఈలోగా గుమ్మంలో తాత. కొత్త పంచె కట్టేడు. పటం అప్పగించే రోజు కదా.

నోరు ఎలా తెరిచేనో గుర్తులేదు. విన్నాడు. కాసేపు ఆ ఖాళీ గదిలోకి చూసేడు. ఆ తర్వాత, "పేపర్లెవరు కొన్నారు? నడు" అన్నాడు. అంతే.

పేపర్ల కొట్టువాడు బజారులోనే. "ఆ కట్టలా? నిన్ననే మాడుగుల పోయేయండి, హల్వా కొట్లకి. పండగ బేరం కదా" అన్నాడు. లైబ్రేరియన్ గారు గ్రంథాలయం నేను చూసుకుంటాను వెళ్ళండన్నారు. మాడుగుల బస్సెక్కేం. దారి పొడుగునా చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు పాకుతూ వెళ్ళింది. తాత కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను క్షమాపణ మాటలు కూర్చుకుంటున్నాను. చెరకు చూస్తూ ఆయనే అన్నాడు. "బాంబులకి కూడా నాలుగో వంతే పోయిందమ్మా ఊరు. నువ్వు మొత్తం అమ్మించేసేవు." అని నవ్వేడు. నాకు ఏడుపొచ్చింది.

రెండు కొట్లలో లేవన్నారు. మూడో కొట్టు నడిపేది ఒక లావుపాటి ఆవిడ. సంగతి వింటూనే చేతులు తుడుచుకుంది.

"పుస్తకాల ఆఫీసులో పనిసేస్తావా? నాలుగు కాగితాలు దాసుకోవడం రాదేటే తల్లీ నీకు?"

"రాలేదు అక్కా" అన్నాను.

"రా, లోపలికి రా. తాతా, నువ్వా గోనె మీద కూకో. మోకాళ్ళు నొప్పెడతాయి."

కట్టలు విప్పేం. ఆవిడా విప్పింది. అక్టోబరు దొరికింది, నవంబరు దొరికింది. కొట్లో జనం మూగేరు. ఇంతలో గుమ్మం దగ్గర ఒక ముసలావిడ అప్పుడే కొన్న పొట్లం సంచిలో పెట్టుకుంటోంది. తాత గోనె మీంచి లేచేడు.

"ఆగమ్మా! నది! ఆ పొట్లం మీద నా నది ఉంది!"

"నదేటి? హల్వా ఇది. డబ్బులిచ్చి కొన్నాను" అని ఆవిడ సంచి వెనక్కి దాచుకుంది.

"హల్వా నువ్వే ఉంచుకో తల్లీ. కాగితం ఇస్తే సాలు."

"కాగితం కోసం ఇంత గోలా! ఈయనకి మతి బాగానే ఉందా?" అంటూనే విప్పి ఇచ్చింది. కొట్టు ఆవిడ ఆమెకి వేరే కాగితంలో కట్టి, మీద కొసరు కూడా వేసింది. నది మధ్యలో అరచేతి మేర నెయ్యి మరక. జెట్టీలు తడిసి నిగనిగలాడుతున్నాయి.

డిసెంబరు దొరకలేదు. చివరి కట్ట దాకా చూసేం. పొద్దుటి నుంచి వెళ్ళిపోయిన పొట్లాలలో దేనిలో పోయిందో. ఎవరింట్లో విప్పి, ఎవరు నలిపి పారేసేరో.

"మళ్ళీ గీద్దాం తాతా. నేను పక్కనే కూర్చుంటాను" అన్నాను తిరిగొచ్చేటప్పుడు.

గ్రంథాలయంలో బల్ల ముందు కూర్చున్నాడు. పెన్సిలు పట్టుకున్నాడు. పేట అంచు గీసేడు, సందులు గీసేడు. అక్కడ ఆగిపోయింది పెన్సిలు. మూడో సందులో ఇల్లు పెట్టేడు, చెరిపేడు. ఐదో సందులో పెట్టేడు. కాగితం చిల్లు పడేదాకా చెరిపేడు.

"మొన్న ఏ సందులో ఎట్టేనమ్మా?" అని అడిగేడు నన్ను.

నేను చూడలేదు. చూడమన్నప్పుడు చూడలేదు. తక్కిన మూడు కాగితాలూ అందరూ రోజూ తొంగిచూసినవాళ్ళే కాని, చివరిది పూర్తయిన సాయంత్రం అక్కడున్నదాన్ని నేనొక్కదాన్నే. పుస్తకాలు సర్ది పెట్టడం ఒకటి, విప్పి చూడడం ఒకటి. ఆ రోజు నేను సర్ది పెట్టేను.

"బుర్రలో యాభై ఏళ్ళు ఉందమ్మా. కాగితం మీదకి దించేసేక బుర్ర వదిలీసింది" అన్నాడు తాత. చివరికి మూడో సందులో ఒక చుక్క, ఐదో సందులో ఒక చుక్క పెట్టి ఇచ్చేడు.

పండగ ఆరాధన అయ్యేక తమ్ముణ్ణి కూర్చోబెట్టి మొత్తం చెప్పేను. వాడు పటం తిప్పి చూసి, "నడివీధిలో నిలబడి గోడకి చెప్పాలా? పోలీసులు లోపలేస్తారక్కా. అక్కడ మిలటరీ వాళ్ళ రాజ్యం" అన్నాడు.

"నీ ఇష్టంరా. మీ ఇంజన్‌కి చెప్తావో, ఆ గోడకి చెప్తావో."

వాడు నవ్వలేదు. పటం మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, వెళ్తాడని.

వాడు మళ్ళీ వచ్చింది దీపావళి వెళ్ళేక. ఎనిమిది నెలలూ తాత వస్తూనే ఉన్నాడు, పేపరు చదువుతూనే ఉన్నాడు. ఒక్కసారి కూడా తమ్ముడి ఊసు ఎత్తలేదు. తమ్ముణ్ణి నేరుగా గ్రంథాలయానికే తీసుకొచ్చేను. లైబ్రేరియన్ గారు తలుపు జారవేసేరు. అది కూడా రూలు కాదు.

"దిగడానికి అనుమతి నాలుగ్గంటలే ఇచ్చేరు తాతా" అని మొదలెట్టేడు తమ్ముడు. "నీ పటం పట్టుకుని నడిచేను. జెట్టీలు అలాగే ఉన్నాయి. పెద్ద వీధులకి పేర్లు మారిపోయేయి కాని, నువ్వు గీసిన మలుపులన్నీ గీసిన చోటే ఉన్నాయి. గుడి ఎక్కడ నిలబడినా కనిపిస్తోంది. పేటలో ఇళ్ళన్నీ కొత్తవి. సందులు మాత్రం అవే."

"సెప్పేవా బాబూ?"

"మూడో సందులో చెప్పేను. సిగ్గేసింది, మెల్లిగా చెప్పేను. ఐదో సందుకి వెళ్తూ, మధ్యలో నాలుగోది ఉంది కదా, దాన్నెందుకు వదిలేయాలి, అక్కడా ఆగేను. ఈసారి గట్టిగానే అన్నాను. 'అమ్మా, నీ గుంటడు సేరేడు. ఇంక నువ్వు బయల్దేరొచ్చు.'"

తాత కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఒక తలుపు తెరుచుకుంది తాతా. ఒక ముసలమ్మ. బర్మా లుంగీ, మొహానికి వాళ్ళు రాసుకునే గంధం. నన్ను పైనుంచి కిందకి చూసి, 'ఎవుడ్రా నువ్వు? ఎవుడు సేరేడు?' అంది. మన మాట! చోడవరం సంతలో విన్నట్టే ఉంది."

ఆమె అక్కడే పుట్టిందట, తల్లిదండ్రులు శ్రీకాకుళం వైపు వాళ్ళు. జపాను వాళ్ళున్న రోజుల్లో చిన్నపిల్ల. గుడ్డ దొరక్క గోనెసంచి కట్టుకుందట. వీధిలో సిపాయి కనిపిస్తే వంగి దణ్ణం పెట్టకపోతే చెంపదెబ్బట. తమ్ముడు తాత వాళ్ళ అమ్మ సంగతి అడిగేడు. చంటిపిల్లతో ఒక్కతే ఉండిపోయినావిడ, కొడుకు కబురు కోసం చూసినావిడ.

"ఆవిడేమందంటే తాతా... 'అలాంటోళ్ళు ఎంతమందో నాయనా. ప్రతి గుమ్మంలోనూ ఒకమ్మ కూకుని సూసేది. ఏ అమ్మని సెప్పను?' అంది. నీ పటం చూపించేను. చాలాసేపు చూసింది. చూసి, 'అంతా గీసేడు కాని కుళాయి మరిసిపోయేడు' అని నా పెన్సిలు లాక్కుని పెట్టింది. ఇదిగో."

నాలుగో సందు మొదట్లో ఒక వంకర గీత, కింద సున్నా. కుళాయి.

తాత ఆ గుర్తు మీద వేలు పెట్టేడు. వేలు అక్కడే ఉంది. లైబ్రేరియన్ గారు ఏదో అనబోతే వద్దని సైగ చేసేను.

"కుళాయి" అన్నాడు తాత. "మా గుమ్మంలో కూకుంటే ఎదురుగా కుళాయి. అమ్మ బిందె ఎట్టి లైన్లో నిలబడితే, నేను గుమ్మంలోంచి పిలిసేవోణ్ణి. 'వస్తన్నానురా' అనేది." వేలు కుళాయి మీంచి అర అంగుళం జరిపేడు. "ఇదే. నాలుగోదే. నువ్వు నిలబడింది ఎక్కడ బాబూ?"

తమ్ముడు వంగి చూసేడు. "అక్కడే తాతా. ఆ ఎదురుగానే."

తాత తల ఊపేడు. రెండు మూడుసార్లు ఊపేడు. "అయితే ఇనుంటది" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఆయన విదేశాల పేజీ చదవలేదు. సినిమా పేజీ చదివేవాడు, అందులో హీరోయిన్ల మీద లైబ్రేరియన్ గారితో పోట్లాడేవాడు. ఇంకో ఆరేళ్ళున్నాడు. పోయేక ఇంటివాళ్ళు ఆ కాగితాలు తెచ్చి నాకిచ్చేరు. నెయ్యి మరక ఉన్న నది, దొరల వీధులు, మిల్లులు, చిల్లు పడిన పేట. నా బైబిలు పక్కనే పెట్టుకున్నాను. నాలుగో సందు వదిలేయకుండా తమ్ముడి కాళ్ళని ఆపినందుకు రోజూ స్తోత్రం చెప్పుకుంటాను.

అయినా ఒకటి మిగిలిపోయింది. డిసెంబరు కాగితం వెనక, ఆ బుధవారం, ఇల్లు ఏ సందులో పెట్టేడు? నాలుగో సందులోనే పెట్టి ఉంటాడు, అప్పటికి బుర్రలో అంతా ఉంది కదా అనుకుంటాను. కుళాయి కూడా గీసే ఉంటాడేమో. చూడమ్మా అన్నాడు. ఒక్క నిమిషం పట్టేది.

ఇప్పుడు హల్వా అట్టపెట్టెల్లో వస్తోంది. కాగితంలో కట్టేవాళ్ళు తక్కువ. అయినా వేరుశెనగ కాయలో, మిరపకాయ బజ్జీలో ఎవరైనా పొట్లంలో తెస్తే, మా ఇంట్లో వాళ్ళకి అలవాటైపోయింది, ముందు నా చేతికే ఇస్తారు. తినడానికి కాదు. విప్పి, కాగితం సాపు చేసి, వెనక్కి తిప్పి చూడడానికి.